అవునని మాత్రం అనకు

నా చిన్నప్పుడు మా కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు ఊళ్లలో, దుబాయి పోయిన మనిషికి మన మాట చేరాలంటే క్యాసెట్టే దిక్కు. ఫోన్లు లేవు. ఉత్తరం రాద్దామంటే ఇంట్లో ఒక్కరికైనా అక్షరం రావాలి కదా, మా వాడలో అదీ తక్కువే. సెలవు మీద వచ్చినవాడెవడైనా తిరిగి పోతున్నాడంటే చాలు, మామిడికాయ తొక్కు సీసాలు, కారప్పొడి పొట్లాలు, వాటితో పాటు మేం మాట్లాడి పెట్టిన క్యాసెట్లు అతని సంచిలో చేరేవి. "అందరం మంచిగున్నం, నువ్వు పైలం" అన్నదే ప్రతి క్యాసెట్లోనూ మొదటి మాట. మంచిగా లేనివాళ్లు కూడా అదే చెప్పేవాళ్లు.

మా బాపు దుబాయిలో ఇళ్లు కట్టే పనిలో ఉండేవాడు. ఆయన వెళ్లాక పుట్టిన నా తమ్ముణ్ణి ఆయన కళ్లతో చూడలేదు. ఒక క్యాసెట్లో వాడి ఏడుపు విన్నాడు, అంతే. వాడింకా పాకడం కూడా నేర్వకముందే పోయాడు.

వాడు పోయిన మధ్యాహ్నం ఇంట్లో నేనే ఉన్నాను. వాడికి అంతకు ముందు నుంచే జ్వరం. ఊళ్లో సూది వేసే ఆయన మందు ఇచ్చాడు, తగ్గకపోతే కోరుట్ల దవాఖానాకు తీసుకుపొమ్మన్నాడు. అమ్మ చుట్టిన బీడీలు ఇచ్చి రావడానికి కంపెనీకి వెళ్తూ, తొట్టెల ఊపుతూ ఉండమని నాకు చెప్పింది. ఊపాను. వాడు ఏడుపు ఆపేసరికి నిద్రపోయాడనుకున్నాను, లేవకుండా ఉండాలని ఇంకా మెల్లగా ఊపాను. ఎంతసేపు ఊపానో, అందులో ఎంతసేపు వాడు బతికి ఉన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మను మేము అవ్వా అని పిలిచేవాళ్లం. వాడకట్టులో అందరికీ మా అమ్మ మంచిదే. ఎవరికి జ్వరమొచ్చినా గంజి కాచి పంపేది. ఇంటి తలుపు వేశాక మాత్రం వేరే మనిషి. పండుకున్నవ్, నా కొడుకును మింగినవ్ అనేది. పొయ్యి దగ్గర అనేది, తల దువ్వుతూ అనేది, అన్నం పెడుతూ అనేది. మొదట్లో లేదవ్వా, పండుకోలేదు అని ఏడ్చేదాన్ని. అట్లా అంటే దెబ్బలు పడేవి. అవునవ్వా అంటే ఆగిపోయేది, ఒక్కోసారి దగ్గరకు కూడా తీసుకునేది. దగ్గరకు తీసుకుంటుందన్న ఆశకు నేను అవును అనడం నేర్చుకున్నాను. అనగా అనగా ఏమైందంటే, నేను నిజంగానే పడుకున్నట్టు నాకు కనిపించడం మొదలైంది. తొట్టెల కింద చాప మీద, చెయ్యి తల కింద పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతున్న నన్ను నేనే చూసేదాన్ని. చిన్నపిల్ల మనసు ఎంత మెత్తనో చూడండి, ఏది ఒత్తితే అదే అచ్చు పడుతుంది.

మా పక్కింటి అక్క కల్లు గీతపని వాళ్ల కోడలు. ఆమె భర్త మస్కట్‌లో ఉండేవాడు. ఆమెకు నోరు ఎక్కువనీ, ఎవరినీ లెక్కచెయ్యదనీ పేరు. వాడ మొత్తానికీ టేప్ రికార్డరు ఆమెకే ఉండేది కాబట్టి, తిట్టుకుంటూనే అందరూ ఆమె ఇంటికే వెళ్లేవాళ్లు. మీటలు ఆమే నొక్కేది. ఒకరోజు ఆమెకు ఎక్కడికో తొందరగా పోవలసి వచ్చి, ఎర్ర మీటా పక్క మీటా కలిపి నొక్కితే మాట ఎక్కుతుందని అమ్మకు చూపించి వెళ్లిపోయింది. ఆపడం ఎట్లాగో చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచలేదు, అడగాలని అమ్మకూ తోచలేదు. మీటల మీది నుంచి వేలు తీసేస్తే మాట ఎక్కడం ఆగిపోతుందనుకుంది అమ్మ.

అందరం మంచిగున్నామని బాపుకు తీయగా చెప్పి, అమ్మ వేలు తీసేసింది. అప్పుడే నేను దగ్గాను. అంతే, మళ్లీ ఆ మాటే ఎత్తుకుంది. నేను అవునవ్వా, అవునవ్వా అంటూ కూర్చున్నాను. మా ముందు టేపు తిరుగుతూనే ఉంది.

మర్నాడు అమ్మ నాట్లకు పోయాక అక్క నన్ను పిలిచింది. క్యాసెట్టు సరిగ్గా ఎక్కిందో లేదో వినబోతే అది వినబడిందట. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీట నొక్కింది. డబ్బాలోంచి మా అమ్మ గొంతు, ఆ తర్వాత నా గొంతు. నా గొంతు నేను మొదటిసారి వినడం అదే. అంత చిన్నగా, అంత భయంగా ఉంటుందని నాకు తెలియదు. ఎవరో దిక్కులేని పిల్ల మాట్లాడుతున్నట్టుంది. నాకు జాలేసింది, తర్వాత ఆ పిల్ల నేనేనని గుర్తొచ్చింది.

"నువ్వెందుకు అవునన్నవే?" అంది అక్క.

"పండుకున్న గదక్కా."

అక్క ముఖం ఎర్రబడింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. "ఎవలు చెప్పిన్రే? మీకూ మాకూ నడుమ ఒక్కటే గోడ. ఆనాడు నేను గీ గోడకానుకొనే బీడీలు చుట్టిన. నీ తొట్టెల తాడు కిర్రు కిర్రుమంటనే ఉన్నది, మీ అవ్వ అచ్చి మొత్తుకునేదాంక. పండుకున్న పోరి తొట్టెల ఊపుతదా? పోరనికి జరం అచ్చింది, పోయిండు. నువ్వు ఊపినవ్. గంతే బిడ్డా."

నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. ఆమె ఆపమనలేదు. ఏడుపు తగ్గాక క్యాసెట్టును అమ్మ తీయటి మాటల చివరికి తిప్పి, రెండు మీటలూ నొక్కి, ఆనాడు ఏం చేశావో బాపుకు చెప్పు అంది. తమ్ముడు పోయినప్పుడు నేను పండుకోలేదు బాపూ, ఊపుతనే ఉన్న అని చెప్పాను. అమ్మ అరుపుల మీద నా మాటలు ఎక్కాయి. నా మాట అయ్యాక కూడా అక్క మీటలు లేపలేదు, మిగిలిన అరుపులన్నీ చెరిగేదాకా ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నాం. ఆ క్యాసెట్టే దుబాయి వెళ్లింది. బాపు దాని ఊసు ఎన్నడూ ఎత్తలేదు. చివరిదాకా విన్నాడో లేదో.

ఇంటికి పోతుంటే అక్క ఒకే ఒక మాట చెప్పింది. "మీ అవ్వ కడుపు కాలింది, ఆమెతోని కొట్లాడకు. జవాబు చెప్పకు. అవునని మాత్రం అనకు. సముదాయించనీకి గూడ అనకు. కొట్టవస్తే ఉరికి మా ఇంట్లకు రా, నేను చూసుకుంట."

అబ్బ, అది అంత సులువా! అవును అననందుకు అమ్మ ఎన్నో రోజులు నాతో మాట్లాడలేదు. అంతకు ముందు అప్పుడప్పుడూ దొరికిన ఆ కాస్త ఒడి కూడా పోయింది. అక్క ఇంట్లో బీడీల తునికాకు కత్తిరిస్తూ కూర్చుని, ఒక్కమాట అనేసి అమ్మ దగ్గరకు పోదామా అని ఎన్నిసార్లు అనుకున్నానో. అక్కకు అది తెలిసేది కాబోలు, అప్పుడే ఇంకొన్ని ఆకులు నా ముందు పోసేది.

బాపు చనిపోయాక చివరి కొన్నేళ్లు అమ్మ నా దగ్గరే ఉంది. లోటు చెయ్యలేదు. స్నానం చేయించాను, ముద్దలు కలిపి పెట్టాను. ఆ మాట అనడం మానిందా అంటే, లేదు. అన్నప్పుడల్లా లేచి పెరట్లోకి పోయి, ఆమె చల్లబడ్డాక వచ్చేదాన్ని. ఇక లేవలేని స్థితిలో ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుంది. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుతోంది.

"ఒక్కపారి అవునను బిడ్డా. నాకు పానం పోతలేదు."

అప్పుడు నాకు అర్థమైంది. నేను పడుకోలేదంటే, జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి కోరుట్లకు తీసుకుపోకుండా బీడీలు ఇవ్వడానికి పోయిన తల్లి ఒక్కతే మిగులుతుంది. ఆ తల్లిని చూడలేకే ఇన్నేళ్లూ నన్ను చూపించింది. ఆమె కూడా ఏం చెయ్యగలిగేది? నీళ్లు తాగించాను. ముఖం తుడిచాను. నీ తప్పు గూడ లేదవ్వా అని చెప్పాను, ఆమె వినిపించుకోలేదు. అవును అని మాత్రం అనలేదు. నా దగ్గర ఆమె అడిగినవాటిలో నేను ఇవ్వనిది ఆ ఒక్కటే.

ఇప్పటికీ ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాలు ఆ గొంతు వస్తుంది, పండుకున్నవ్ గదా అని. లేదవ్వా, మేలుకొనే ఉన్న, అంటాను. పైకే అంటాను.