మడిచి ఎక్కండి

మా వదినకు నోట్లో నాలుక లేదని ఇంటిల్లిపాదీ అంటారు. ఆ పేరు పెట్టింది కూడా నేనే, ఆడపడుచునన్న హోదాలో.

మేమిద్దరం ఒకే హోటల్ లాండ్రీలో పనిచేస్తాం. కింది అంతస్తులో, ఆవిరి మధ్య, ఆరిన దుప్పటికి చెరో అంచు పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచి మడత పెట్టడం మా పని. వదిన మడత పెడితే అంచు మీద అంచు కూర్చోవాల్సిందే. అలాంటి మనిషిని పట్టుకుని "మడవడం కూడా చేతకాదా?" అన్నాడో బస్సు డ్రైవరు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అతను మడవమన్నది పిల్లల బండిని. నా మేనకోడలు, మేం బుడంకాయ్ అని పిలుచుకునే ఏడాదిన్నర పిల్ల, తుంటి కీలు సరిగా లేకుండా పుట్టింది. ఆపరేషన్ చేసి, రెండు కాళ్లూ ఎడంగా చాపి, నడుము నుంచి పాదాల దాకా పిండికట్టు వేశారు. చంకన కూర్చోదు, భుజాన పడుకోదు. బండిలో దిండ్ల మధ్య పడుకోబెట్టి తోసుకుపోవాలి, అంతే. ఆ బండి కొన్న ఘనుడు మా అన్నయ్య. "ఒక్క చేత్తో మడిచేయొచ్చట!" అంటూ కొట్టువాడి మాట నమ్మి తెచ్చి మాకు అప్పజెప్పాడు. నిజానికి ఒక కాలితో పెడల్ తొక్కి, రెండు చేతులతో రెండు పక్కల మీటలూ ఒకేసారి లాగితే గానీ అది ముడుచుకోదు. మరి పిల్ల ఎక్కడుండాలి, గాల్లోనా?

"నీకు నేర్పు లేదు" అనేవాడు అన్నయ్య, సోఫాలోంచి లేవకుండా. ఆయన పిల్లను తీసుకుని ఒక్కసారి బస్సెక్కిన పాపాన పోలేదు.

కిందటి నెల కట్టు విప్పించడానికి వదిన బయల్దేరింది. ఆసుపత్రిలో కట్లు విప్పే గదిని నెలకొక్కసారి, అదీ పొద్దున పూటే తెరుస్తారు. మా ఇద్దరికీ ఒకే రోజు సెలవివ్వరు కాబట్టి ఒక్కతే వెళ్లింది. బస్సులో చక్రాల కుర్చీలకూ పిల్లల బండ్లకూ వదిలిన జాగా నిండా ఎవరివో సూట్‌కేసులు. డ్రైవరు అటు చూడనైనా చూడకుండా, "మడిచి ఎక్కండి. మడవడం కూడా చేతకాదా? అయితే తర్వాతి బస్సులో రండి" అన్నాడు. "పిల్లకు కట్టుందండీ" అంటూనే ఉంది వదిన, తలుపు మూసేశాడు. తర్వాతి బస్సులో వెళ్లేసరికి గదికి తాళం. మళ్లీ నెల తర్వాత రమ్మన్నారు.

ఆ నెల ఎలా గడిచిందో ఆ డ్రైవరుకేం తెలుసు? కట్టు లోపల చర్మం ఒరుసుకుపోయి పుళ్లు పడ్డాయి. దురద ఆగక పిల్ల ఆ కట్టునే గోళ్లతో గీకేది. దుప్పటి అవతలి అంచు పట్టుకుని వదిన ఏడుస్తుంటే, నేను అతణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

నెల తిరిగింది. మళ్లీ అదే స్టాపు, అదే బస్సు, జాగా నిండా మళ్లీ ఎవరివో సూట్‌కేసులు, అదే మనిషి, అదే మాట. "మడిచి ఎక్కండి."

ఆ తర్వాతది వదిన నోటే విన్నాను. బండిని ముందు తలుపు దగ్గర నిలిపి, పిల్లను రెండు చేతులా ఎత్తి, మెట్టెక్కి, తిన్నగా అతని ఒళ్లో పడుకోబెట్టిందట.

"ఏంటమ్మా ఇది! నేను బస్సు నడపాలా, పిల్లను ఎత్తుకోవాలా?"

"మడవమన్నారుగా, మడుస్తాను. పట్టుకోండి. మీ ఒళ్లో ఖాళీ ఉంది, నా చేతుల్లో లేదు."

వెనక నుంచి ఎవరో, "టైమవుతోందమ్మా!" అని అరిచారు. "నాకూ అవుతోంది" అంది వదిన. కిందికి దిగి ఒక్కో దిండూ తీయసాగింది. స్టీరింగుకు అడ్డంగా కాళ్లు చాపుకున్న పిల్లను ఎక్కడ పట్టుకోవాలో తెలియక డ్రైవరు తికమకపడ్డాడు. బుడంకాయ్ ఊరుకుంటుందా, హారన్ దొరకగానే మోత మోగించేసింది.

"అబ్బ, ఎంత బరువుందమ్మా!"

"అది కట్టు బరువు. కిందటి నెల మీరు ఎక్కించుకుని ఉంటే ఈపాటికి ఉండేది కాదు."

సూట్‌కేసులవాళ్లు ఎవరి సామాను వాళ్లు కాళ్ల దగ్గరికి లాక్కున్నారు. వదిన మడిచిన బండిని లోపల పెట్టి, వచ్చి పిల్లను తీసుకుని, ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టుకుని కూర్చుంది. ఈసారి గదికి తాళం పడలేదు.

పని ముగించుకుని నేను ఆసుపత్రికి పరిగెత్తాను. కట్టు విప్పేశారు. సన్నగా పాలిపోయిన ఆ కాళ్ల మీద పుళ్లు చూస్తే నాకు ఏడుపు కంటే ముందు కోపమే తన్నుకొచ్చింది. ఒక్క తలుపు తెరిచి ఉంచితే ఇవేవీ ఉండేవి కాదు. ఇక నెమ్మదిగా చంకనెత్తుకోవచ్చని చెప్పి పంపారు.

తిరుగు ప్రయాణానికి స్టాపులో నిలబడితే బస్సొచ్చి ఆగింది. చూస్తే ఆ డ్రైవరే. వదినను గుర్తుపట్టి, సీట్లోంచి లేచి మరీ నవ్వుతూ వచ్చాడు. "మడవక్కర్లేదమ్మా. అలాగే ఎక్కించేయండి, నేను సాయం పడతాను."

నేను నోరు తెరిచేలోపే వదిన పిల్లను తీసి నా చంకకెత్తింది. బుడంకాయ్ నా నడుముకు కాళ్లు ఆనించి కూర్చుంది. వదిన పెడల్ తొక్కి, రెండు మీటలూ లాగింది. బండి టప్పున ముడుచుకుంది.

"అలాగే రమ్మన్నానుగా అమ్మా" అన్నాడతను నొచ్చుకుంటూ.

"ఇవాళ పట్టుకోవడానికి మా ఆడపడుచు ఉంది, మడవగలను. 'మడవక్కర్లేదు' అన్న ఆ మాట దాచిపెట్టండి. రేపు ఎవరో ఒకావిడ పిల్లతో ఒంటరిగా వస్తుంది. ఆవిడకు చెప్పండి."

అని, టికెట్లు తీసుకుని లోపలికి నడిచింది.