నాటకం మాస్టారు రాయని మాట

ఆ రోజుల్లో రాజమండ్రిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చి, సాయంత్రం గోదావరి గట్టున షికారుకు వెళ్ళే ప్రతివాడూ ఏదో ఒక నాటకం రాస్తూనే ఉండేవాడు. రాయలేనివాడు వేషం కట్టేవాడు. రెండూ చేతకానివాడు ముందు వరసలో కూర్చుని తప్పులు పట్టేవాడు. నేను వీళ్ళెవరిలోనూ చేరను, నకళ్ళు రాసేవాణ్ణి. కోర్టులో గుమాస్తాగిరీ నాది. ఆ పనిలో నన్ను పెట్టించింది నాన్నగారు. నా మీద ప్రేమతో కాదు, తన దావా మీద ప్రేమతో. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో మా పొలానికీ బాబాయి పొలానికీ మధ్య ఒక గట్టు ఉంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు చేలోకి దిగాల్సినంత గట్టు. అది ఎవరిదన్న దావా నాకు పాలపళ్ళు ఊడే రోజుల్లో మొదలై, మూతి మీద మీసం వచ్చేదాకా పన్నెండేళ్ళు నడుస్తూనే ఉంది. కొడుకు కోర్టులో ఉంటే కబుర్లు ముందుగా అందుతాయని నాన్నగారి ఆశ. (మన కాగితాలు ఉండేది వేరే గదిలోనండి అని ఎన్ని ఉత్తరాలు రాసినా ఆయన నమ్మలేదు.)

నా దస్తూరీ బాగుంటుందని కనిపెట్టి నన్ను పట్టుకున్నాయన నాటకం మాస్టారు. బళ్ళో తెలుగు పండితులు. ఉత్తరీయం నిండా నస్యం మరకలు, సంచీ నిండా ఎవరూ ఆడని నాటకాలు. అప్పటికి మూడు రాశారు, మూడింటినీ నాటక సమాజాల వాళ్ళు మర్యాదగా తిప్పి పంపేశారు. నాలుగోది పొలం గట్టు వ్యాజ్యం పిచ్చి పట్టిన ఒక గృహస్థు కథ. కోర్టు వరండాలో కూర్చుని చూసి రాశారట. దాన్ని ఆడటానికి మా కుర్రకారు సమాజం ఒప్పుకుంది. "ఇదీ ఆడకపోతే నేనిక కలం ముట్టనోయ్," అన్నారు మాస్టారు ఒకరోజు, అదేదో మామూలు మాటలాగా. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. కలం లేకపోతే ఆయన ఎలా బతుకుతారో నాకు తోచలేదు. నటులకని నేను ఐదు ప్రతులు రాశాను, అందులో ప్రతి మాటా నాకు నోటికి వచ్చేసింది. అంతా దివ్యంగానే ఉంది గానీ, ఆ గృహస్థు భార్య మాటలు మాత్రం ఇంత బారున ఉండేవి. మంచినీళ్ళు కావాలా అని మొగుణ్ణి అడగడానికి కూడా ఆవిడకి నాలుగు సమాసాలు కావలసి వచ్చేవి.

ఆడటానికి ఇంకా వారం ఉందనగా ఆ భార్య వేషం వేసే కుర్రవాడికి కాకినాడలో ఉద్యోగం వచ్చి, మాకు చెప్పకుండా పడవెక్కేశాడు. మాస్టారు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. పాఠం నీకు వచ్చు కదోయ్ అన్నారు. వచ్చు గానీ మీసం ఉందండి అన్నాను. తీసేస్తే పోతుంది కదా అనడానికి అది అంత తేలిక కాదు. మా వాళ్ళలో తండ్రో తల్లో పోతేనే మగవాడు మీసం తీయడం. ఇద్దరూ నిక్షేపంలా ఉండగా తీసినవాడికి ఇంట్లో అన్నం పెట్టరు. రెండు రోజులు తప్పించుకు తిరిగాను. మూడోనాడు రేవుకు వెళితే, మాస్టారు మెట్ల మీద ఒక్కరే కూర్చుని నాటకం కాగితాలను పాత పంచె ముక్కలో మూటకడుతున్నారు. నా ప్రాణం ఉసూరుమంది. నేరుగా మంగలి దగ్గరికి వెళ్ళాను. అతను నాటకానికే కదా బాబూ అని మూడుసార్లు అడిగి, పైకి చూసి దండం పెట్టుకుని మరీ గీశాడు.

మర్నాడు పొద్దున్న రేవులో మా ఊరి కొబ్బరికాయల పడవాయన ఎదురయ్యాడు. నా మొహం చూడగానే తలగుడ్డ తీసేసి అలా నిలబడిపోయాడు. నేను నవ్వుతూ, మావాళ్ళంతా కులాసాయేనా అని అడిగాను. పాపం దుఃఖంతో మతి చలించిందనుకున్నాడట, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పుడు అమ్మా నాన్నగారూ మరిడమ్మ జాతరకని పెద్దాపురంలో మా అక్క ఇంట్లో ఉన్నారు. వాళ్ళు అక్కడికి వెళ్ళిన సంగతి పడవాయనకి తెలుసు. అక్కడే నాన్నగారు పోయారని, నాకు కబురు అందిందని తనే తేల్చుకుని, తిరిగి వెళ్ళగానే ఊళ్ళో చెప్పేశాడు. ముందు చెప్పింది బాబాయికి. బాబాయి వెంటనే బండి కట్టించుకుని, దారి పొడుగునా ఏడుస్తూ పెద్దాపురం చేరి, "అన్నయ్యా" అంటూ అక్క ఇంటి గుమ్మంలో కూలబడ్డాడు. ఆ అన్నయ్యగారు అరుగు మీద కూర్చుని పనసతొనలు తింటున్నారు. పన్నెండేళ్ళ తరవాత అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే. నా చావు కోసం కాసుకుని కూర్చున్నావా అని నాన్నగారు మండిపడ్డారు. బాబాయి పడవాయన చెప్పిందంతా చెప్పి, బండి తిప్పించుకుని వెళ్ళిపోయాడు. నా మీసం సంగతి అలా బయటపడింది. నాన్నగారు చేతికర్ర పుచ్చుకుని రాజమండ్రికి బయలుదేరారు.

ఇవేవీ నాకు తెలియవు. ఒక బియ్యం కొట్టు ఖాళీ చేయించి, బల్లలు పరిచి రంగం కట్టాం. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నేను ఎరువు తెచ్చిన పాత చీర కట్టుకుని, వడ్డాణం సర్దుకుంటూ రంగం మీదికి వచ్చాను. ముందు వరసలో చేతికర్ర, దాని వెనక నాన్నగారు. భర్త వేషంవాడు మీసం దువ్వుకుని, గట్టు గెలిచి తీరతానని గర్జించాడు. ఇక నేను మాట్లాడాలి. ఐదుసార్లు రాసిన పాఠంలో ఒక్క అక్షరం గుర్తుకు రాదు. తెర పక్కన మాస్టారు పెదవులు కదుపుతున్నారు, నాకు వినపడదు. నాటకం అక్కడే ఆగిపోయేలా ఉంది. చివరికి నా నోటికి వచ్చింది మా అమ్మ మాట.

"గెలవండి, వద్దన్నానా? గట్టు మీదే అవుతుంది. రేపు మిమ్మల్ని మోయాల్సొస్తే ఆ నలుగురిలో వకీలుగారొస్తారేమో, కాస్త కనుక్కోండి."

దీనికి బదులు ఏమనాలో భర్త వేషంవాడి పాఠంలో లేదు, నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అది గొప్ప నటన అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నాన్నగారు మాత్రం తల వంచుకుని కూర్చున్నారు. నాటకం చివరిదాకా ఆడింది.

తెర దించాక నాన్నగారు లోపలికి వచ్చారు. దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియక వీపు ఇటు, మొహం అటు పెట్టి నిలబడ్డాను.

"ఆ మాట మీ అమ్మది కదరా," అన్నారు.

"అవునండి."

"ఎప్పుడందిరా?"

"రోజూ అంటుందండి, మీకు వడ్డించేటప్పుడు."

ఆయన కర్ర గోడకు ఆనించి, బాబాయి బండి కట్టుకుని ఏడుస్తూ వచ్చిన సంగతి అప్పుడు చెప్పారు. చెబుతూ ఆయనా ఏడ్చారు. మీసం ఊసు మళ్ళీ ఎత్తలేదు. పక్కనే మాస్టారు నస్యం పొడుం చేతిలోనే పెట్టుకుని వింటున్నారు. తన వాక్యాలు మింగేసినందుకు చీవాట్లు పెడతారనుకున్నాను. ఆయన మెల్లగా, "రేపు కాగితం పట్టుకురావోయ్. అమ్మగారు అన్నది అన్నట్టే రాసిపెట్టు. ఇంకా ఏమేమి అంటుంటారో అదీ చెప్పు," అన్నారు. మర్నాడు కూర్చుని, ఆ భార్య సమాసాలన్నీ తన చేత్తోనే కొట్టేశారు.

దావా రాజీ అయింది. ఆ రాజీ కాగితానికి నకలు రాసింది నేనే, అంత వంకర దస్తూరీ నేనెప్పుడూ రాయలేదు. మాస్టారు ఆ తరవాత బతికినన్నాళ్ళూ కలం వదలలేదు. ఆయన పోయి చాలాకాలమైంది గానీ ఆ నాటకం ఇప్పటికీ ఏదో ఒక ఊళ్ళో ఆడుతూనే ఉంది. ఆయన్ని చూసి తరవాతి వాళ్ళ నాటకాల్లో కూడా ఆడవాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ వకీలు మాట దగ్గర జనం కళ్ళు తుడుచుకుని, ఏం రాశారండీ మాస్టారు అంటారు. నేనూ తల ఊపుతాను. (మాస్టారు ఉంటే ఆ మెప్పు తనదని ఒప్పుకునేవారు కారు.)

అచ్చయిన పుస్తకం తీసుకెళ్ళి అమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. ఆ మాట రాగానే చెయ్యి ఆపింది.

"పన్నెండేళ్ళు వడ్డిస్తూ చెప్పాన్రా. నువ్వు చీర కట్టుకుని ఒక్కసారి చెబితే విన్నారా," అంది.

నేను పడీపడీ నవ్వాను. ఇరవై ఏళ్ళవాణ్ణి, అందులో నవ్వు తప్ప ఇంకేం కనిపిస్తుంది నాకు. అమ్మ నవ్వలేదని ఇన్నేళ్ళకి గుర్తుకొస్తోంది.