మార్లిస్ లెక్కపెట్టిన వీపులు

మార్చి పరీక్షలో ఆరు పేపర్లలో అయిదు గట్టెక్కింది మార్లిస్ టీగార్డెన్. అందరినీ ఏడిపించే రసాయనం, సూక్ష్మజీవులు కూడా దాటింది. పోయింది ఒక్క వెన్ను నిర్మాణం. చేతులతో వెన్ను సర్దే వైద్యం నేర్చుకోవడానికే డావెన్‌పోర్ట్ ఊళ్ళో కొండ మీది కాలేజీకి వచ్చిన మనిషి వెన్నులోనే తప్పడమంటే చెప్పుకోవడానికి కూడా సిగ్గే. ఆ పేపరు దాటకపోతే లైసెన్సు లేదు. సెప్టెంబరులో రెండోసారి రాయాలి. అప్పుడూ పోతే చదువు మానేస్తానని ఎవరికీ చెప్పకుండా ఒట్టు పెట్టుకుంది.

చదవక పోయిన పేపరు కాదది. అయిదు నెలల పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని పుస్తకం అట్టలు ఊడేదాకా చదివింది. పగలు తీరిక దొరికితే మొగుడు వర్లిన్‌ను వంటింటి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, కనుబొమల పెన్సిలుతో ఒక్కో పూస మీదా అంకె వేసేది. ఆ కాలేజీలో అందరి చదువూ ఇలాగే సాగుతుంది. పెళ్ళయినవాళ్ళకు మొగుడో పెళ్ళామో, కానివాళ్ళకు గదిలో స్నేహితుడో, ఎవరికి దొరికిన వీపు వాళ్ళకు పాఠ్యపుస్తకం. వర్లిన్ నది ఒడ్డున ధాన్యం గిడ్డంగిలో పని చేస్తాడు. వీపు మీద అంకెలతోనే పనికి వెళ్ళి, చొక్కా విప్పి, నవ్వులపాలైన రోజులున్నాయి.

పుస్తకానికీ ఆ వీపుకూ ఎక్కడో పొసగలేదు. భుజం వెనక రెక్క ఎముక కింది కొస ఏడో వీపు పూస దగ్గర ఉంటుందని పుస్తకం. ఆరో దాని దగ్గర ఉందని మార్లిస్ వేళ్ళు. లెక్క మెడ చేరేసరికి ఎప్పుడూ ఒక పూస మిగిలిపోయేది. వేలు జారిందనుకుని మళ్ళీ మొదలుపెట్టేది. కంఠతా పట్టినదంతా ఇంట్లో బాగానే ఉండేది కానీ, పరీక్ష గదిలో కంగారు పుట్టగానే వేళ్ళు చెప్పిందే గుర్తొచ్చేది.

పరీక్ష మూడు వారాలుందనగా, ఒక శనివారం పొద్దున ముసలి డాక్టరు ఎల్డన్ ప్రాస్ట్ దగ్గరికి వెళ్ళింది. నలభై ఏళ్ళుగా ఇంటి ముందుగదిలోనే వైద్యం చేస్తున్నాడాయన. ఆమె వెళ్ళేసరికి టెలిఫోన్ డైరెక్టరీ ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒక వెంట్రుకను కాగితాల కింద దాచి, పైనుంచి వేలితో వెతకడం, వేళ్ళు పదునెక్కడానికి ఆ వైద్యులు చేసే పాతకాలపు సాధన.

"ఎన్ని కాగితాల కిందండీ?"

"పదహారు. కుర్రతనంలో ముప్ఫై. ఇప్పుడు వేళ్ళకీ చత్వారం వచ్చింది. ఏం తెచ్చావు అమ్మాయ్?"

ఇంట్లో గడియారం పెట్టుకుని కంగారుగా రాసి, పుస్తకం చూసి ఎర్రగా దిద్దుకున్న నమూనా పరీక్ష కాగితం అందించింది. ఆయన ఎర్ర గుర్తుల వెంట వేలు నడుపుతూ మొదట విసుగ్గా చూశాడు. కాసేపటికి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఇదేం విడ్డూరం! తప్పులన్నీ ఒకే వైపున్నాయే. ఏడు రాయాల్సిన చోట ఆరు. పది రాయాల్సిన చోట తొమ్మిది. చదవనివాళ్ళ తప్పులు ఇంత క్రమశిక్షణగా ఉండవు. ఎవరి వీపు మీద నేర్చుకున్నావు?"

"మా వర్లిన్ వీపు మీద. నాకింకెవరిస్తారండీ?"

"పైనుంచా, కింద నుంచా లెక్క?"

"కింద నుంచే. మెడ ముట్టుకుంటే చాలు, చక్కిలిగింతలని బల్ల దిగి పారిపోతాడు."

"ఎక్కడున్నాడు?"

"బయట బండిలో. పాపను ఆడిస్తున్నాడు."

"పిలువు."

వర్లిన్ పాపను భార్యకిచ్చి, సణుగుతూ చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నాడు. "డాక్టరు గారూ, ఈ వీపుకు శనివారం కూడా సెలవు లేదా?"

"నోరు మూసుకుని పడుకోరా."

ముసలాయన రెండు బొటనవేళ్ళూ నడుము దగ్గర ఆనించి మెల్లగా పైకి నడిపాడు. ఆగాడు. మళ్ళీ కిందికి వెళ్ళాడు. ఈసారి మెడ నుంచి దిగాడు. వర్లిన్ కిచకిచలాడుతుంటే ఒక చేత్తో భుజం నొక్కిపట్టి మరీ దిగాడు. తరవాత లోపలికి వెళ్ళి ఒక పొడుగాటి ఎక్స్‌రే ఫిల్ము తెచ్చాడు. రెండేళ్ళ కిందట గిడ్డంగి మెట్ల మీద నుంచి వర్లిన్ జారిపడినప్పుడు తలకింది నుంచి తుంటి దాకా ఆయనే తీసింది.

దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. "పక్కటెముకలు లెక్కపెట్టు."

"పన్నెండు జతలు."

"వాటి కింద, పక్కటెముకలు లేని నడుము పూసలు?"

మార్లిస్ పాపను చంకలో సర్దుకుని లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. దాని కింద, ఏ తొందరా లేకుండా, నిండుగా, ఇంకొకటి.

"ఆరు," అంది.

"ఆరే. ఆ రోజు విరిగిందా లేదా అనే చూశాను. ఎన్నున్నాయని చూడలేదు. కింద నుంచి లెక్కపెట్టేసరికి ఆ ఎక్కువ పూసే పైనున్న నీ అంకెలన్నిటినీ ఒకటి వెనక్కి లాగింది." ముసలాయన ఫిల్ము దించకుండా అలాగే నిలబడ్డాడు. "ఎన్ని వీపులు చూసినా ఇలాంటిది కనిపిస్తే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది."

"ఏంటి? ఏమైంది నాకు?" వర్లిన్ లేచి కూర్చున్నాడు.

"ఏం కాలేదు. అందరికీ అయిదుండేవి నీకు ఆరున్నాయి."

"అయితే బస్తాలు ఎక్కువ మోయమంటారు. గిడ్డంగిలో మాత్రం చెప్పకే, నీకు పుణ్యముంటుంది!"

మార్లిస్ నవ్వలేకపోయింది. తల్లి కడుపులో నాలుగో వారం నుంచే, ఆవగింజంత పిండంలో, తల వైపు నుంచి తోక వైపుకు ఒక్కో ముక్కా వరసగా తెగుతూ వెన్ను ఏర్పడుతుందని ఆమె చదివింది, రాసింది, మార్కులు కూడా తెచ్చుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఒక కడుపులో ఆ వరస నడుము దాటి తుంటిలోకి మారాల్సిన చోట ఒక్క ముక్క ఆలస్యంగా మారింది. అంతే. ఎవరికీ తెలియలేదు. ఆ పూస మీదే అతను నడక నేర్చాడు, బస్తాలు మోశాడు, పాప పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో అటూ ఇటూ తిరిగాడు. దాన్ని ఆమె వేళ్ళు మొదటి రోజు నుంచీ పట్టుకుంటూనే ఉన్నాయి. నమ్మనిది తనే.

"మరి పాపకో?" అంది గబుక్కున, చిన్నవీపు మీద అరచెయ్యి వేసి.

"ఇంకా మెత్తటి ఎముకలమ్మా. ఎన్నున్నా ఆడుకోవడానికి సరిపోతాయి. నువ్వు దాని వీపు వదిలేసి ఊరి వీపులు పట్టుకో. మూడు వారాలే ఉంది. ఇక నుంచి పైనుంచి లెక్క."

రహస్యం దాచమన్న వర్లినే సోమవారం గిడ్డంగిలో గొప్పలు చెప్పుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ మార్లిస్ వెళ్ళేసరికి గోధుమ దుమ్ము కొట్టుకుపోయిన మగవాళ్ళు చొక్కాలు విప్పి వరసలో నిలబడి ఉన్నారు.

"నాకూ ఎక్కువుందేమో చూడమ్మా!"

"నీకు తక్కువ తల్లోరా, వీపులో కాదు!"

పక్కింటి లవానా ముసలమ్మ బీన్సు తుంచుతూ వీపు చూపించింది. ఉత్తరాలవాడు సంచి దించి అయిదు నిమిషాలిచ్చాడు. మూడు వారాల్లో నలభై ఒక్క వీపులు. అన్నింటికీ అయిదే, కానీ ఒకటి వంకర, ఒకటి పలకలా తిన్నన, ఒకటి పిడికిలిలా ముడుచుకున్నది. ఏ ఒక్కటీ పుస్తకంలో బొమ్మలా లేదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం పుస్తకం చెప్పినట్టే ఉంది.

పరీక్ష గదిలో ఆమెది చివరి వరస. ముందు రెండొందల వీపులు కాగితాల మీదికి వంగి ఉన్నాయి. ఇన్ని వెన్నులు, ఏ చెయ్యీ పేర్చకుండా, చీకట్లో తమంతట తామే పేర్చుకున్నవి అనిపించి కాసేపు పెన్సిలు కదల్లేదు. పదకొండో ప్రశ్న రెక్క ఎముక కింది కొస గురించే. ఏడు దగ్గర గుర్తు పెట్టి, కాగితం తిప్పింది.

అక్టోబరులో ఉత్తరం వచ్చింది. వెన్ను నిర్మాణం పాసు. వర్లిన్ దాన్ని గిడ్డంగికి పట్టుకెళ్ళి పెద్దగా చదివాడు. అది ఎవరి వీపు చలవో తేల్చుకోలేక వాళ్ళంతా భోజనం పూర్తయ్యేదాకా పోట్లాడుకున్నారు.