మాస్టారు వెతికిన కన్ను

శుక్రవారం పొద్దున్నే స్కూలు గ్రౌండులో పిల్లల చేత పరుగు తీయిస్తుంటే ఫోన్ వచ్చింది. మా డ్రిల్లు మాస్టారు పోయారు. చీరాలలో సొంతింట్లో, కాఫీ తాగి పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారు. మీరు నన్నేమనుకున్నా సరే, నా నోటి వెంట వచ్చిన మొదటి మాట "హమ్మయ్య". ఏడుపు తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది. అదే రెండు నెలల కిందట పోయుంటే, ఒక ఆడపిల్ల కన్ను తీశానన్న బరువుతో పోయేవారు మాస్టారు.

మాస్టారు బేస్‌బాల్ ఆటగాడు. వయసులో రాష్ట్రం జట్టుకి ఆడారు. మా గుంటూరు వైపు మిరప ఊళ్ళో బేస్‌బాల్ ఎవరికి తెలుసు? "క్రికెట్టేనంట, కాకపోతే రోకలితో ఆడతారంట" అనుకునేవాళ్ళు. అసలు మ్యాచులు ఏడాదికి ఒకటో రెండో ఉండేవి. ఆయనకి పేరొచ్చింది మ్యాచుల బయటే. తిరణాళ్ళలో ఎద్దుల బండలాగుడు పందేలు పెడతారు కదా, ఒక జత దిగి ఇంకో జత వచ్చేలోగా జనం లేచిపోకుండా మాస్టారిని పిలిచేవాళ్ళు. "దమ్మున్నోళ్ళు రండి, మాస్టారికి బంతెయ్యండి!" అని మైకులో అరుపు. చుట్టుపక్కల ఊళ్ళ ఫాస్ట్ బౌలర్లంతా చొక్కా చేతులు మడుచుకుని వచ్చేవాళ్ళు. మాస్టారు కొడితే బంతి జిన్నింగ్ మిల్లు రేకుల మీదుగా అవతలి పత్తిచేలో పడేది. ఒకసారి పొగాకు కాల్చే ఎత్తైన బ్యారన్‌ దాటించారు. ఆ బంతి ఇప్పటికీ దొరకలేదు.

బహుమతిగా ఏమిస్తే అది తెచ్చుకునేవారు. ఒకసారి మేకపోతునిచ్చారు. దాన్ని ఆర్టీసీ బస్సెక్కించబోతే కండక్టరు అడ్డుపడ్డాడు.

"మేకల్ని ఎక్కించకూడదండీ."

"ఇది ఉత్త మేక కాదయ్యా, ప్రైజు!"

బస్సులో జనమంతా మాస్టారి వైపే మాట్లాడారు. సగం దారిలో ఆ ప్రైజు ముందు సీట్లో ఆవిడ జడలో కనకాంబరాలు తినేసింది. మేకని కోయడానికి మాస్టారికి మనసొప్పలేదు. అది ముసలిదై చచ్చేదాకా వాళ్ళ పెరట్లోనే ఉంది. "నాకు సవతి ఉంటే ఇంత తినేది కాదు" అనేవారు అమ్మగారు.

హైస్కూల్లో మాకు, అంటే ఆడపిల్లలకి, సాఫ్ట్‌బాల్ నేర్పారు. మా నాన్న ఒప్పుకోకపోతే పొలం దాకా వచ్చి, గట్టు మీద కూర్చుని, నాన్న సరేననేదాకా లేవలేదు. "కొట్టేది చేతుల్తో కాదే అమ్మాయ్, కాళ్ళతో" అనేవారు. నాకు బంతి వెయ్యడం బాగా వచ్చింది. తిరణాళ్ళకి నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. మగవాళ్ళ బంతులన్నీ కొట్టేశాక, చివర్లో రెండు జడల పిల్ల వచ్చి బంతేస్తే జనానికి భలే సరదా.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా జరిగింది ఇది. మిరపకాయల కాలం. పక్క మండలంలో ఒక ఊరి తిరణాళ్ళలో ఆఖరి బంతి నేనే వేశాను. మాస్టారు కొట్టారు. బంతి షామియానాల మీదుగా, రోడ్డు దాటి, అవతల మిరప కల్లంలోకి పోయింది. జనం ఈలలు ఇంకా ఆగలేదు, కల్లంలోంచి పెద్ద కేక వినిపించింది.

మేం పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి పదహారేళ్ళ పిల్ల ఎడమ కన్ను రెండు చేతులతో మూసుకుని నేల మీద దొర్లుతోంది. ఎండిన మిరపకాయల్లో తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. "కన్ను పోయిందిరో దేవుడో!" అని ఒక పెద్దావిడ గుండెలు బాదుకుంటోంది. మాస్టారు దగ్గరికి పోబోతే ఇద్దరు మగవాళ్ళు కర్రలెత్తారు. పందేలవాళ్ళు మమ్మల్ని జీపులోకి తోసేశారు. "ముందు మీరు బయల్దేరండి మాస్టారూ, తర్వాత చూసుకుందాం!" దారిపొడవునా నేను వెక్కుతూనే ఉన్నాను. బంతేసింది నేనే కదా!

మర్నాడు పొద్దున్నే ఆయన మళ్ళీ ఆ ఊరు వెళ్ళారు. కల్లం ఖాళీగా ఉంది. ఆ కూలీలు వలస వచ్చినవాళ్ళు, మేస్త్రీ రాత్రికి రాత్రే వేరే ఊరు తోలుకుపోయాడు. "కన్ను తీసేశారంట కదండీ" అన్నాడు టీకొట్టు దగ్గర ఒక పెద్దమనిషి. మాస్టారు ఇంటికొచ్చి బ్యాటు అటక మీద పడేశారు. మాకు నేర్పడం మానలేదు, తను మాత్రం మళ్ళీ బ్యాటు పట్టలేదు.

అప్పట్నుంచి ఏటా మిరపకాయలు ఏరే రోజుల్లో పాత స్కూటరు మీద కల్లం కల్లానికీ తిరిగేవారు. "ఎడం కన్ను లేని అమ్మాయి మీలో ఉందామ్మా?" అని అడిగేవారు. కొందరు జాలిపడేవాళ్ళు, కొందరు మతి చెడిందనుకునేవాళ్ళు. ఎందుకండీ అని ఒకసారి నేనే అడిగాను. "దొరికితే ఏం చెయ్యాలో నాకూ తెలీదే. వెతక్కపోతే అన్నం సయించట్లేదు" అన్నారు. రిటైరై చీరాల వెళ్ళాక కూడా బస్సుల్లో వచ్చి తిరిగారు. ముప్ఫై ఏళ్ళు, తక్కువ కాదు.

నేను పొదిలి దగ్గర ఒక స్కూల్లో పీఈటీని. కొట్టేముందు బంతి పడే చోట మనుషులున్నారేమో చూడండే అని చెప్పడానికి, కొత్తగా వచ్చిన పిల్లలకల్లా ఈ కథ చెప్తాను. ఈ ఏడూ చెప్పాను. మర్నాడు ఒక పిల్ల తల్లి గ్రౌండుకొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"టీచరమ్మా, ఆ రోజు బంతేసిన రెండు జడల పిల్లవి నువ్వేనా?"

నేను ఆవిడ కళ్ళు చూశాను. రెండూ నిక్షేపంలా ఉన్నాయి.

"ఆ కల్లంలో కేకేసిన పిల్లని నేనే. బంతి నాకు తగిలితేగా! కుప్పలో పడింది. ఇదేందబ్బా అని మిరపకాయల్లో చేతులు పెట్టి తవ్వి తీశా. కంట్లోకి చెమట కారితే అదే చేత్తో నలిపేశా. ఇంక చూడు నా సామిరంగా! కూలికి రావటం అదే మొదలు నాకు, ఏం తెలుసు? పాలు పోసి కడిగారు, తెల్లారేసరికి తగ్గిపోయింది."

"మరి కన్ను తీసేశారన్నారే?"

"ఎవడాడు? ఆడి నోట్లో మన్నుపడ!"

నా నెత్తిన నేనే మొట్టుకున్నాను. మాస్టారంటే చీరాల మగ్గాల ఇంట్లో పుట్టారు, ఆయనకి తెలియదు. నా బుద్ధేమైంది? కల్లంలో చెమట మోచేత్తోనే తుడుచుకోవాలని నడక రాకముందే నేర్పే ఇంట్లో పుట్టానే! ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా నాకు తట్టొద్దా?

ఆ ఆదివారం ఆవిడని చీరాల తీసుకెళ్ళాను. మాస్టారు నమ్మలేదు. కుడి కన్ను మూసుకోమని వేళ్ళు చూపించారు. "ఎన్ని?" "మూడండీ." "ఇప్పుడు?" "రెండండీ." పేపరు చేతికిచ్చారు. "నాకు చదువు రాదండీ" అందావిడ. మాస్టారికి మళ్ళీ అనుమానం. గోడ వైపు చెయ్యి చూపించారు.

"అక్కడేముందో చెప్పు."

"క్యాలెండరండీ."

"ఇంకా?"

"దాని పక్కన బల్లి."

మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఏమేవ్! ఇట్రా! ఈ అమ్మాయికి బల్లి కనబడుతోందే!" అని పిల్లాడిలా అరిచారు. అమ్మగారు వంటింట్లోంచి వచ్చి ఏడవడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అన్నేళ్ళు ఉత్తపుణ్యాన పోయాయి కదండీ అన్నాను. "పోనీవే. కన్ను ఉంది కదా! ఇంకేం కావాలి?" అన్నారు. ఆ సాయంత్రం అటక మీంచి బ్యాటు దింపించి, పెరట్లో నా చేత మూడు బంతులేయించుకున్నారు. మూడూ బ్యాటుకి తగల్లేదు. బేస్‌బాల్లో మూడు తప్పితే ఔటు. "మీరు ఔటు మాస్టారూ" అంటే పడీపడీ నవ్వారు.

ఆ తర్వాత రెండు నెలలూ ఆయన కడుపునిండా తిన్నారని, కంటినిండా నిద్రపోయారని అమ్మగారు చెప్పారు.

మాస్టారు పోయిన శుక్రవారం మధ్యాహ్నానికి ఆ పిల్ల తల్లి కూడా బస్సు పట్టుకుని చీరాల వచ్చింది. లోపలికి రావడానికి మొహమాటపడి గుమ్మం పక్కనే నిలబడింది. మాస్టారిని బయటికి తెస్తుంటే అమ్మగారు ఆవిడని చూశారు. అంత ఏడుపులోనూ దగ్గరికెళ్ళి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తారు. రెండు కళ్ళూ ధారగా కారుతున్నాయి. అమ్మగారు కొంగు తీసి, ముందు ఎడమ కన్ను తుడిచారు.