అన్‌ఫిట్ రాసిన మనిషి డ్యూటీ

ఆ పొద్దున సెంటినరీ కాలనీలో బస్సెక్కిన పెద్దాయన రొప్పుతూ నా పక్కన కూలబడ్డాడు. జేబులోంచి ఇన్‌హేలర్ తీసి, అందరూ చూస్తుండగానే పీల్చి, ఊపిరి బిగబట్టి వేళ్ల మీద పది లెక్కపెట్టాడు. నాకూ ఉబ్బసమే. నా ఇన్‌హేలర్ మాత్రం చేతిరుమాలులో చుట్టి బ్యాగు అడుగున దాచుకునేదాన్ని.

"దవాఖానల చూపించుకోనీకా కాకా?" అన్నాను.

"ఫస్టు షిఫ్టు డ్యూటీకి బిడ్డా. ఆయాసంతోటి వచ్చేటోళ్లకు ఈ పంపు ఎట్ల పీల్చాలెనో నేర్పుత. జీతం గీతం లేదు, నా ఇష్టంతోటి పోత."

"నీకే ఇంత ఆయాసమున్నది, ఇంటికాడ ఉండరాదు?"

ఆయన కళ్లెర్రజేశాడు. "బొగ్గుబాయిల దుమ్ము మింగి ఊపిరితిత్తులు ఖరాబైనయని అన్‌ఫిట్ రాసిన్రు. నా నౌకరీ కొడుక్కిచ్చిన్రు. మంచిదే. బాయికి పనికిరానని రాసిన్రు గని, మనుషులకు పనికిరానని ఎవడన్న రాసిండా?"

దవాఖాన దగ్గర దిగుతుంటే చెయ్యి అందించబోయాను. పక్కకు నెట్టి, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ తానే దిగాడు. తొందరపెట్టిన కండక్టరు మీద "దిగుతలేనా, ఏంది నీ జల్ది?" అని లేచాడు.

బస్సు కదిలాక బ్యాగు అడుగు నుంచి నా ఇన్‌హేలర్ తీశాను. ఎదురు సీటావిడ కళ్లప్పగించి చూస్తుంటే, పీల్చి, వేళ్ల మీద తాపీగా పది లెక్కపెట్టాను.