వియ్యపురాలి పొయ్యి

పక్షవాతం వచ్చినవాళ్లు తమ పనులు తాము చేసుకోగలరో లేదో చూసే పరీక్ష ఒకటుంది. ఇంగ్లీషులో ఉన్న దాన్ని తెలుగు ఇళ్లకు తగినట్టు మార్చే పని నాది. బ్రెడ్డు కాల్చమన్నచోట టీ పెట్టమని రాసి, నా భుజం నేనే చరుచుకున్నాను. హోసూరు వైపు ఇళ్లలో అది పనికొస్తుందేమో చూద్దామని బయలుదేరాను.

పొద్దున్నే బెంగళూరులో బస్సెక్కినా, రాష్ట్ర సరిహద్దులోని జూజువాడి దగ్గర లారీల వెనక చిక్కుకుని హోసూరు చేరేసరికి తొమ్మిదైంది. అక్కడి నుంచి బాగలూరుకు టౌన్ బస్సులో కొద్ది ఛార్జీయే. దారిలో గులాబీ తోటలు కనిపిస్తాయి. నేను చూడాల్సిన మునెమ్మగారు పక్షవాతం వచ్చినప్పటి నుంచి బాగలూరులో కూతురు రూప అత్తింట్లో ఉంటున్నారు. జబ్బు తగ్గుముఖం పట్టింది. జవళగిరిలోని సొంతింటికి, పక్కింటివాళ్లు చూస్తున్న తన మేకల దగ్గరికి పోతానని ఆమె పట్టు. పంపాలా వద్దా అన్నది నా మాట మీద ఆగింది. రూప అత్తగారు చూస్తుండగా, "టీ పెట్టండమ్మా" అన్నాను. మునెమ్మగారు వంటింటి గడప దగ్గరే నిలబడిపోయారు. మళ్లీ అడిగినా కదల్లేదు. "ఒంటరిగా ఉండలేరు" అని అందరి ముందూ తేల్చేశాను. అల్లుడు ఫోను పట్టుకుని బయటికెళ్లాడు.

భోజనాలయ్యాక ఆమె సామాన్లు తెద్దామని రూప కారు మాట్లాడితే, నేనూ ఆ తల్లీకూతుళ్లతో వెళ్లాను. తళి మీదుగా జవళగిరికి గంటన్నర పైనే పట్టింది. "పొద్దుండగానే తిరుక్కోవాలమ్మా, ఆడ ఏనుగులు దిగుతాయి" అన్నాడు డ్రైవరు.

తలుపు తీయగానే మునెమ్మగారు కొంగు దోపి, పుల్లలు విరిచి పొయ్యి ముట్టించారు. కుడిచేయి కాస్త వణికినా, బెల్లం టీ కాచి అందరికీ పోశారు.

"మరి అక్కడెందుకు పెట్టలేదమ్మా?" అన్నాను.

"అయ్యో, అది వియ్యపురాలి పొయ్యి కదమ్మా! ఆయమ్మ ఎదురుగా ఉంటే నేనెట్ల ముట్టేది?"

సిగ్గుతో చచ్చిపోయాను. మా అమ్మ మా అత్తగారింటికొస్తే మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకోదు. ఇరవై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను కదా, ఆ పూట నా బుద్ధి ఏమైంది!

ఆమె మేకలకని నీళ్ల బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. కొట్టం ఖాళీగా ఉంది.

"మేకలు యాడ్నే, రూపా?"

రూప తల దించుకుంది. "నువ్వు ఒంటిగా ఉండలేవని ఈయమ్మ చెప్పినారు కదా. ఆయన అప్పుడే బేరగాడికి ఫోన్ చేసినాడు. వచ్చి తోలుకొని పోయినారంట."

మేకల్ని వెనక్కి తెప్పించమని అల్లుడికి ఫోన్ చేసి బతిమాలాను. వాటిని ఎక్కించిన టెంపో అప్పటికే జూజువాడి దాటిపోయిందట. మునెమ్మగారు బకెట్టు కింద పెట్టి, "టీ చల్లారిపోతాంది, తాగమ్మా" అన్నారు.

ఆమె మాతో తిరిగి రాలేదు. దారంతా ఆ ఖాళీ కొట్టమే నా కళ్లలో మెదిలింది. పరీక్షలో మాటలు మార్చి, తెలుగు చేశాననుకున్నాను. నేను పెట్టిన పరీక్షలో తప్పింది నేనే, నష్టపోయింది ఆమె. జవళగిరి వెళ్లేవాళ్లు పొద్దున్నే బయలుదేరండి, బస్సులు తక్కువ. నాలాంటి పని మీద వెళ్తే మాత్రం, టీ పెట్టమనే ముందు ఆ పొయ్యి ఎవరిదో అడగండి.