జానమ్మ చాట

నిజాం జమానల నకిరేకల్ దగ్గరి ఒక మిషన్ బడిల చిన్నపిల్లల తరగతికి జానమ్మ పంతులమ్మ. కూలోళ్ల బిడ్డ, ఆ బడిలనే చదువుకున్నది. కోపం ముక్కు మీదనే ఉంటది.

పట్నం నుంచి వచ్చిన పెద్ద పంతులమ్మ ప్రమీలమ్మ ఆమెకు ఒక నోటుబుక్కు ఇచ్చి, "పిల్లలు ఎట్ల నేర్చుకుంటరో దినాం చూసి రాయి" అన్నది.

"భీమయ్య ఒట్టి మొండోడు" అని తరగతిల ఒక పిలగాని గురించి రాసింది జానమ్మ. ప్రమీలమ్మ దాన్ని గీత గీసి కొట్టేసింది.

"నువ్వు అనుకున్నది కాదు జానమ్మా, కండ్లతోని చూసింది, చెవులతోని విన్నది రాయి."

చూద్దామంటే, బుక్కు తియ్యంగనే పిల్లలు చేతులు కట్టుకొని బొమ్మల లెక్క కూసుంటుండిరి. అందుకే జానమ్మ చాటల బియ్యం పోసుకొని మూలకు కూసున్నది. రాళ్లు ఏరుతున్నట్టే ఉండి ఓరకంట చూడవట్టింది. పిల్లలు ఆమెను మరిచి ఆటల పడ్డరు.

మూడోనాడు అయిదేండ్ల బిక్షమ్మ వచ్చి ఎదురుంగ చతికిలపడ్డది.

"ఏందే, గట్ల చూస్తున్నవ్?" కసిరింది జానమ్మ.

"నిన్న చూసిన, మొన్న గూడ చూసిన పంతులమ్మా. నువ్వు ఒక్క రాయి గూడ తియ్యలే."

జానమ్మకు నవ్వు ఆగలేదు. బుక్కు తీసి "బిక్షమ్మ గడుసుపిల్ల" అని రాసింది. జరసేపు ఆ రాత దిక్కే చూసి, తనే గీత గీసి కొట్టేసి, పిల్ల అన్న మాటను అన్నట్టే రాసింది.